తవుడుకి అమ్మిన పిల్లికూన

"ఇక మూడు నెలలకోసారి వచ్చి కనిపిస్తే చాలమ్మా" అని డాక్టరుగారు అన్న రోజున నేను ఎగిరి గంతేస్తానని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం నిద్రొచ్చింది. ఇంటికొచ్చి పడుకున్నాను, లేచాను, మళ్ళీ పడుకున్నాను. జబ్బుతో పోరాడి గెలిచానని ఆఫీసువాళ్ళు పూలగుత్తి పంపారు. నేనేం పోరాడలేదు. రమ్మన్న రోజున వెళ్ళాను, చెయ్యి చాపమంటే చాపాను, తినమన్నది తిన్నాను, తిన్నది కక్కుకున్నాను. దీన్ని పోరాటం అంటే నిజంగా పోరాడినవాళ్ళకి కోపం వస్తుంది.

అయినా ఇది రాయాలనిపించింది. జరిగినవన్నీ తలలో చిందరవందరగా పడి ఉన్నాయి, రాస్తే కాస్త సర్దుకుంటాయేమో అన్నది ఒక ఆశ. ఇంకో సంగతి కూడా ఉంది. ఇలాంటి జబ్బు వస్తే ఏం తినాలో, ఏ రసం తాగాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. ఆ నెలల్లో మనసు ఎంత పనికిమాలిన వాటి చుట్టూ తిరుగుతుందో ఎవరూ చెప్పరు. నా మనసు ఒక పిల్లికూన చుట్టూ తిరిగింది. నేను పిల్లుల్ని ముద్దుచేసే మనిషిని కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది.

జూన్

నా మెడ మీద గడ్డని మొదట పట్టుకున్నది మా టైలర్ లక్ష్మి. సిరిసిల్ల మనిషి. వాళ్ళది మగ్గాల కుటుంబం. పంజగుట్ట వైపు వెళ్ళే సందులో చిన్న షాపు పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, షాపు వెనక గదిలోనే కాపురం. జాకెట్టు మెడ కొలత తీసుకుంటూ టేపు వదిలేసి వేళ్ళతో తడిమింది.

"అక్కా, గీడ ఏందో గడ్డ తాకుతుంది."

"నొప్పేం లేదే."

"నొప్పి లేకుంటే మాత్రం ఊకె ఉంచుకుంటవా? జర చూపెట్టుకో అక్కా."

చూపించుకున్నాను. ఆ తర్వాత పరీక్షలు, ఆ పరీక్షలకి ఇంకో పరీక్ష. చివరికి కాన్సర్ అన్నారు, లొంగే రకమేనని కూడా అన్నారు. రెండో మాట మా ఆయన విన్నారు. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

మా ఇంటి సంగతి నాలుగు మాటల్లో చెప్తాను. నా పేరు సుభద్ర, ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒక పాత అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తులో ఉంటాం. మా ఆయన రామ్మోహన్‌కి ఆ కోచింగ్ సెంటర్ల కిందే జిరాక్స్ షాపు. మాకు పిల్లల్లేరు. మాతో మా అత్తగారు నారాయణమ్మగారు ఉంటారు. విజయనగరం దగ్గర పల్లె ఆవిడది. పిల్లల్లేని కోడలికీ ఒక్క కొడుకున్న అత్తకీ మధ్య ఎన్ని మాటలుంటాయో మాకూ అన్నే ఉన్నాయి. తిట్టుకున్నదీ లేదు, కూర్చుని కబుర్లు చెప్పుకున్నదీ లేదు.

వైద్యానికి పంజగుట్టలోని ఒక ఆసుపత్రికి వెళ్ళాం. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే మెట్రో దారే, ఒక స్టేషను ముందు దిగడమే తేడా. మొదట్లో అది సౌకర్యంగా తోచింది. తర్వాత తలుపులు తెరుచుకుని పంజగుట్ట అని వినపడితే చాలు, మూతికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆసుపత్రిలో జబ్బు కన్నా ఎదురుచూపే ఎక్కువ. టోకెన్ పిలుపు కోసం, రక్తం రిపోర్టు కోసం, మంచం ఖాళీ కోసం, చివరికి బిల్లు కౌంటర్లో కూర్చున్నాయన తల ఎత్తడం కోసం. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళం ఒకరి ఫైలు ఒకరం చూసుకునేవాళ్ళం. లావు ఫైలున్న వాళ్ళు పాతకాపులు, వాళ్ళనే అన్నీ అడగాలి. అలాంటి లావు ఫైలు నిజామాబాద్ ఆవిడ ఒకరు నా అరచేతిలో నిమ్మకాయ పెట్టి, "ఇది వాసన చూస్కుంట కూసో చెల్లె, కడుపుల తిప్పదు" అంది. పేరు కూడా అడగలేదు నేను. ఇప్పుడు నా సంచిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ ఆసుపత్రివాళ్ళే చెప్తారు.

జులై

బోనాల మైకులు మోగుతున్న రోజుల్లో రెండో డోసు ఎక్కించారు. ఇంటికొచ్చేసరికి లిఫ్టు పనిచెయ్యడం లేదు. మా ఆయన బండి పెట్టి వస్తానని వెళ్ళారు. నేను పార్కింగ్‌లో మెట్ల మీద కూలబడ్డాను.

అప్పుడొచ్చింది ఆ పిల్లికూన. బూడిదరంగు ఒళ్ళు, నల్లచారలు, రెండు కళ్ళూ పుసి కట్టి మూసుకుపోయి ఉన్నాయి. తుమ్ముకుంటూ, గోడని తడుముకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒళ్ళోకి పాకింది. నాకు జాలి కలగలేదు. తోసెయ్యడానికి ఓపిక లేక ఉండనిచ్చాను, అంతే.

మా ఆయన మందుల సంచీతో వచ్చి చూశారు.

"ఏంటది?"

"పిల్లి."

"అది తెలుస్తోంది. నీ ఒళ్ళో ఎందుకుంది?"

"ఏమో. అదే ఎక్కింది."

దాన్ని దింపబోతే చీరకి గోళ్ళు దిగేసుకుంది. చీర చిరుగుతుందని ఆయన, మెట్లు ఎలా ఎక్కాలని నేను, ఇద్దరం దానితోనే రెండంతస్తులు ఎక్కాం. అత్తగారు తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"దాన్ని గడప దాటించొద్దు. చూస్తే రేపో మాపో అన్నట్టుంది. ఇంట్లో పిల్లి చస్తే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం ఇవ్వాలి. ఇవ్వగలరేటి?"

బతికున్న పిల్లి ఎదురొస్తే అపశకునం, చచ్చిన పిల్లి ఇంట్లో ఉంటే మహాపాపం. మన దగ్గర పిల్లికి ఏ దారీ మిగల్చలేదు. ఆ మాట పైకి అనే శక్తి నాకు లేదు. షాపు నుంచి తెచ్చిన కాగితాల అట్టపెట్టె ఒకటి ఉంటే అందులో దాన్ని పెట్టి, కింద కరెంటు మీటర్ల గదిలో ఉంచారు మా ఆయన.

మర్నాడు ఆయనే సణుక్కుంటూ జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పిల్లుల జలుబట, కళ్ళకి పుండ్లు పడ్డాయట. కళ్ళలో చుక్కలు వెయ్యాలి, వెచ్చగా ఉంచాలి, వారాలు పడుతుంది, ఒక కన్ను పోయినా పోవచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఆయన తల పట్టుకున్నారు.

చుక్కలు వేసే పని నేను తీసుకున్నాను. ఎందుకో చెప్తే నవ్వుతారు. అప్పటికి ఇంట్లో నా చేతిలోంచి అన్ని పనులూ లాగేసుకున్నారు. గరిటె పట్టుకుంటే ఆయన వచ్చి తీసుకునేవారు. బట్టలు మడతపెడితే "నీకెందుకు, పడుకో" అనేవారు. జబ్బు చేసిన మనిషికి అన్నిటికన్నా విసుగు పుట్టించే మాట "పడుకో." పొద్దున్నా సాయంత్రం మాస్కు పెట్టుకుని, గోడ పట్టుకుని కిందికి దిగి, దూదితో ఆ పుసి తుడిచి చుక్కలు వేసేదాన్ని. అది గిలగిల్లాడేది. తర్వాత నా బొటనవేలి మీద గడ్డం ఆనించి నిద్రపోయేది. ఆ కాసేపూ నేను పేషెంటుని కాదు.

నా జుట్టు ఊడింది కూడా ఆ రోజుల్లోనే. దాని గురించి రాయను. అది అందరూ రాశారు.

పిల్లికి కన్ను కాస్త తెరిపిన పడుతుంటే విరేచనాలు పట్టుకున్నాయి. మందు పడలేదేమో అనుకున్నాం. ఒక పొద్దున నేను దిగేసరికి అట్టపెట్టె పక్కన స్టీలు పళ్ళెంలో చిక్కటి పాలు. పళ్ళెం మా ఇంటిదే. గడప దాటించొద్దన్న మనిషే పనమ్మాయి చేత రోజూ పాలు పంపిస్తున్నారన్నమాట. డాక్టరు పాలు పొయ్యొద్దన్నారని చెప్తే అత్తగారు నావైపు చూడకుండానే, "పిల్లికి పాలు పడకపోవడమేటి? ఆ డాక్టరు ఏం చదివాడో" అన్నారు. పాలు మాత్రం ఆగాయి.

నా గదిలోకి మాత్రం ఆవిడ వచ్చేవారు కాదు. వంట చేసి గిన్నెలు గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ఎలా ఉందని అడిగేవారు కాదు. జబ్బు అంటుకుంటుందని భయమేమో అనుకున్నాను. తర్వాత, భయం కూడా కాదు, అసహ్యం అనుకున్నాను. పడుకున్న మనిషికి ఇలాంటి ఆలోచనలకి కొదవుండదు.

ఆగస్టు

మీటర్ల గదిలో పిల్లి ఉందని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. ఎవరైనా పెంచుకుంటారేమోనని నేనే దాని ఫొటో పెట్టాను. బొమ్మలు చాలా వచ్చాయి, చేతులు జోడించినవీ కన్నీళ్ళు కార్చేవీ. తీసుకుంటామన్నవాళ్ళు లేరు.

పక్కనే ఆడపిల్లల హాస్టలు. కోచింగ్‌కి వచ్చిన అమ్మాయిలు గుంపుగా వచ్చి ముద్దుచేసి, ఫొటోలు దిగి, "వార్డెన్ ఒప్పుకోరు ఆంటీ" అని వెళ్ళిపోయారు. జంతువుల్ని చేరదీసే సంస్థ ఒకదానికి ఫోన్ చేస్తే జాగా లేదన్నారు. మా ఆఫీసులో నాగమణి ఒక్కతే ధైర్యం చేసి తీసుకెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆటోలో తెచ్చి ఇచ్చేసింది. "ఏమీ తినట్లేదండీ. మా పెద్దవాళ్ళు ఇంట్లో ఏమైనా అయితే మంచిది కాదంటున్నారు. తగ్గాక చెప్పండి, తప్పకుండా తీసుకెళ్తాను" అంది.

తగ్గాక చెప్పండి. అందరిదీ ఇదే మాట. తగ్గాక దానికి నేనెందుకు, మీరెందుకు? అదే గోడలు దూకి బతుకుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈ పిల్లిని నేను ఒక్క ఇల్లు కూడా తిప్పలేకపోయాను.

ఇంకో మాట కూడా అందరూ అడిగేవారు, గొంతు తగ్గించి. "బతుకుతుందా?" అదే గొంతుతో, అదే మాట, హాల్లో మా ఆయన్ని నా గురించి అడగడం నేను గదిలోంచి విన్నాను. అడిగినాయన మా దూరపు బంధువు, పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. ఆరోజు యాపిల్ పళ్ళు తెచ్చాడు. మా ఆయన ఏం జవాబు చెప్పారో వినపడలేదు.

నా చేతికి మందులెక్కించే గొట్టం ఒకటి అలాగే ఉంచేశారు. దాని మీంచి జాకెట్టు చెయ్యి పట్టేది కాదు. లక్ష్మి నా జాకెట్ల చేతులు పైనుంచి కిందికి చీల్చి, వరసగా హుక్కులు కుట్టిచ్చింది, విప్పకుండానే సూది పెట్టుకోవచ్చని. ఆ జాకెట్లు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు పిల్లి సంగతి ఎత్తాను. ఎలుకలు జాకెట్ ముక్కలు కొరికేస్తున్నాయని ఎప్పుడూ మొత్తుకునే మనిషి కదా అని ఆశ.

"ఎలుకలకు నాకు పిల్లి కావాల్నే అక్కా. గని గా పిల్లి వద్దు."

"కన్ను నయమవుతోంది లక్ష్మీ. తుమ్ములొక్కటే తగ్గాలి."

"నీకెట్ల చెప్పాలె... మా ఊర్ల మగ్గాల ఇంట్ల ఒక పిల్లి సచ్చింది. బంగారు పిల్లి ఏడికెల్లి తెస్తం? పిండితోని చేసి దానమిచ్చిండ్రు మావోళ్ళు. గా ఏడాదే మా బాపు పోయిండు. తక్కువైనంక నేనే వచ్చి తోల్కపోత. సచ్చేదాన్ని నా ఇంట్ల పెట్టకు అక్కా, నీకు దండం పెడ్త."

ఏడవనిదొక్కటే తక్కువ. ఇంకేం అడుగుతాను?

వినాయక చవితి

సందు మొదట్లో మండపం వేసి మైకు పెట్టారు. ఆ చప్పుడులోనే నాకు చలిజ్వరం వచ్చింది. రక్తంలో కౌంట్లు పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆ రోజుల్లో నాకు గుర్తున్నది సీలింగు, ఆకుపచ్చ తెర, మా ఆయన గడ్డం. ఆయన గడ్డం నెరిసిపోయిందని అప్పుడే చూశాను.

జ్వరం తగ్గాక డాక్టరుగారు మంచం పక్కన నిలబడి అడిగారు.

"ఇంట్లో కుక్కలూ పిల్లులూ ఉన్నాయా?"

నేను మాట్లాడేలోపే మా ఆయన "ఉంది" అనేశారు.

"పిల్లి మీద నాకేం కోపం లేదమ్మా. మీ కౌంట్లు ఇలా ఉన్నప్పుడు అది సరదాగా గీరినా నాకు భయమే. వచ్చే డోసు లోపల పంపించెయ్యండి."

ఆయన మంచిగానే చెప్పారు. తప్పు ఆయనది కాదు, నాది కాదు, పిల్లిది అసలే కాదు. ఇంటికి వస్తూ ఆటోలో మా ఆయన అన్నారు. "డోసు ముందురోజు దాకా చూస్తాను. ఎవరూ తీసుకోకపోతే చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తాను. అక్కడ తిండికి లోటుండదు."

"ఒంటికన్నుతో, తుమ్ముకుంటూనా? అక్కడి కుక్కలు ఉంచుతాయా దాన్ని?"

"నాకు తెలీదు."

"తెలుసు మీకు."

అప్పుడాయన నావైపు తిరిగారు. ఇన్నేళ్ళలో నా మీద గొంతెత్తని మనిషి. ఆ రోజూ ఎత్తలేదు. "సుభద్రా, నేను ఒకర్నే మొయ్యగలను" అన్నారు.

ఇంట్లోకి వచ్చాక నేనే మొదలుపెట్టాను, మళ్ళీ ఆ మాటే, ఆ మార్కెట్ మాటే. నీరసంలో గొంతు లేచింది. దాన్ని వదిలేస్తే నేను తర్వాతి డోసుకి రానన్నాను. మొండితనమే, ఒప్పుకుంటాను. దాని స్థానంలో నన్ను పెట్టుకుని మాట్లాడుతున్నానని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చెప్పులేసుకుని షాపుకి వెళ్ళిపోయారు.

హాల్లో టీవీ ఆగింది. అత్తగారు మొదటిసారి నా గది గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రాలేదు, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఆ టైలరమ్మాయికి ఫోన్ చెయ్యి. నేను రమ్మన్నానని చెప్పు."

లక్ష్మి సాయంత్రం వచ్చింది. అత్తగారు ఆమెని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కొడుకు గురించి మొదలుపెట్టారు. పాతికేళ్ళకి పైగా ఆ ఇంట్లో ఉన్నాను, ఆ కథ నేనూ అప్పుడే విన్నాను.

"మా రామ్మోహన్‌కి ముందు ఇద్దరు పుట్టి పోయారమ్మా. ఇద్దరూ నా చేతుల్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే మా అత్తగారు వాణ్ణి నన్ను తాకనివ్వలేదు. చేటలో వేసి పెంట మీద పెట్టించారు. ఊళ్ళో చాకలామె ఎత్తుకుంది. తవుడు పోసి ఆవిడ దగ్గర కొనుక్కున్నాం. అందుకు గుర్తుగా వాడికి ముక్కు కుట్టించాం, ఆ మచ్చ ఇంకా ఉంది, చూడు కావలిస్తే. పెంట మీద పడేసినదాని జోలికి చావు రాదు. అది ఎవరిదీ కాదు గదా, ఎవర్ని ఏడిపించడానికి తీసుకుపోతుంది?"

లక్ష్మి టీ గ్లాసు కింద పెట్టేసింది.

"మా దిక్కు సుత గదే పెద్దమ్మా. మా బాపు పేరే పెంటయ్య. గట్లనే తెచ్చుకున్నరట."

"అయితే నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్లిని పెంట మీద పెడతాను. నువ్వు ఎత్తుకుని తవుడు పొయ్యి. అప్పుడది మా ఇంటిదీ కాదు, మీ ఇంటిదీ కాదు. బతికితే ఎలకల్ని పడుతుంది. పోతే పెంటది పోయినట్టు. నీకు పాపమేటి అంటుతుంది?"

లక్ష్మి గ్లాసు ఎత్తి మిగిలిన టీ తాగేసింది. న్యాయం సరిగ్గానే ఉందనిపించినట్టుంది. "గట్లనే వస్త పెద్దమ్మా" అంది.

అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ కోర్సు కావాలన్నా దొరుకుతుంది, తవుడు దొరకదు. మా ఆయన సూపర్‌మార్కెట్ నుంచి షుగరు పేషెంట్లు తినే గోధుమ పొట్టు పాకెట్ తెస్తే అత్తగారు విసిరికొట్టినంత పని చేశారు. అసలు తవుడు కొనేవాళ్ళు పొయ్యాలి గానీ అమ్మేవాళ్ళు కాదన్నారు. చివరికి లక్ష్మే బోరబండలో గేదెలున్న వాళ్ళింటి నుంచి సంచిలో వరితవుడు తెచ్చింది.

మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా కిందికి దిగని మనిషి, డోసు ముందురోజు పొద్దున కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగారు. నేను మాస్కు పెట్టుకుని బాల్కనీలోంచి చూశాను. చెత్త ఆటో కోసం అందరూ చెత్త పోసే మూల, పిల్లిని చేటలో పెట్టి ఆవిడే దించారు. హాస్టలు అమ్మాయిలు ఫోన్లతో వీడియో తీస్తున్నారు. లక్ష్మి అటుగా పోతున్నట్టు నడిచి వచ్చి ఆగింది.

"ఎవలదమ్మా గిది?"

"ఎవరిదీ కాదు, పెంటది" అని అత్తగారు గట్టిగా, సందంతా వినపడేలా చెప్పారు.

లక్ష్మి పిల్లిని ఎత్తుకుని కొంగులో చుట్టుకుంది. చేటలో తవుడు పోసింది. నవ్వొచ్చింది నాకు, కళ్ళు కూడా తిరిగాయి. వాళ్ళిద్దరూ ఇంకా ఏదో మాట్లాడుకుంటున్నారు గానీ నేను నిలబడలేక లోపలికెళ్ళి పడుకున్నాను. మర్నాడు డోసుకి వెళ్ళాను. నోరు మూసుకుని వెళ్ళాను.

డిసెంబరు

ఆ తర్వాతి నెలల గురించి రాయడానికి ఏమీ లేదు, అలిసిపోవడం తప్ప. దసరా ఎప్పుడు వచ్చిందో, దీపావళి ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. పిల్లి బతికే ఉందని లక్ష్మి అప్పుడప్పుడు ఫోన్‌లో ఫొటో పంపేది. కొన్ని చూసేదాన్ని, కొన్ని చూసే ఓపిక ఉండేది కాదు. చివరి స్కాన్ బాగా వచ్చింది. డాక్టరుగారు మూడు నెలల మాట చెప్పారు. ఒక వారం నిద్రపోయాక, మొదటిసారి నా కాళ్ళ మీద నేను నడుచుకుంటూ లక్ష్మి షాపుకి వెళ్ళాను.

పిల్లి జాకెట్ ముక్కల మూట మీద పడుకుని ఉంది. ఒక కన్ను తెల్లగా పొర కమ్మేసింది. రెండో కన్నుతో నన్ను చూసి, ఎవరో గుర్తుపట్టలేదు, మళ్ళీ పడుకుంది. బాగా బలిసింది. ఎలుకల్ని పడుతోందా అని అడిగితే, "పట్టదు, ఏం పట్టదు. బువ్వ తింటది, పంటది" అంది లక్ష్మి మురిపెంగా.

"పోన్లే, దానికో ఇల్లు దొరికింది. నీ రుణం ఉంచుకోను లక్ష్మీ."

"నా రుణమేంది? నువ్వు సుత మా దానివే గదా అక్కా ఇప్పుడు."

మర్యాదకి అన్న మాట అనుకున్నాను. కానీ లక్ష్మి నాలిక కరుచుకుంది. ఎంత అడిగినా మొదట చెప్పలేదు. తర్వాత లేచి, పై అరలోంచి ఒక కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది. అందులో నా జాకెట్టు ఒకటి ఉంది, చేతికి హుక్కులు పెట్టి కుట్టినది.

"పిల్లిని ఎత్తుకున్నంక పెద్దమ్మ నన్ను పోనియ్యలే. నడుముల దోపుకున్నది తీసి గా పెంట మీదనే పెట్టింది. గిదే జాకెట్. 'ఇది కూడా ఎవరిదీ కాదు, కొనుక్కుంటవా' అన్నది. సంచిల మిగిలిన తవుడంత పోసిన. తిరిగి కొనేదాక నీకు చెప్పొద్దన్నది."

"ఇంకేమంది?"

"ఏమనలే. 'నేను ఎత్తుకున్నోళ్ళు బతకరు, అందుకే కోడలి గదిలోకి పోను' అన్నది. ఏడ్చింది జరసేపు. గంతే."

నేను జాకెట్టు మడతపెట్టి మళ్ళీ లక్ష్మికే ఇచ్చేశాను. కొనుక్కున్న మనిషి దగ్గర ఉండాల్సిన వస్తువు అది. ఇంటికి నడిచి వస్తూ రెండుసార్లు ఆగాను, ఆయాసం వల్ల కాదు.

అత్తగారు హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేనూ ఎదురుగా కింద కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. కాసేపటికి అన్నాను.

"లక్ష్మి చెప్పింది."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"మరి నన్నెప్పుడు తిరిగి కొంటారు?"

"తొందరేటి? ఇంకా పరీక్షలున్నాయన్నాడు గదా డాక్టరు. అవన్నీ అవనీ. అప్పటిదాకా వాళ్ళ మనిషివిగానే ఉండు, నీకేం తక్కువ?" ఇంకో కాయ తుంచి, గిన్నెలో వేసి, నావైపు చూడకుండా అన్నారు. "తవుడు తెప్పించి ఉంచాను. బియ్యం డబ్బా వెనక ఉంది. పురుగు పట్టినప్పుడల్లా మారుస్తున్నాను."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం డబ్బా జరిపితే వెనక మూతపెట్టిన చిన్న స్టీలు డబ్బా ఉంది. మూత తీసి చూశాను. తవుడు కొత్తదే. ఇన్ని నెలల్లో ఆసుపత్రిలో, ఇంట్లో ఎక్కడా రాని ఏడుపు, ఆ డబ్బా పట్టుకుని అక్కడ ఏడ్చాను.